సుందరమ్మ టీ, సింధూరి నాలుగో రౌండు

మగ్గాలపాలెం హైస్కూల్లో మధ్యాహ్న భోజనం వండే బాలత్రిపురసుందరికి తన గొప్పలు తాను చెప్పుకోవడానికి ఏ మొహమాటమూ లేదు. దొంగతనం చేస్తే దాచుకోవాలి గాని, పని చేసి చెప్పుకోవడానికేం అంటుంది. అంత పొడుగు పేరు పిలిచే ఓపిక లేక ఊరంతా ఆవిణ్ణి సుందరమ్మ అంటారు. చల్లపల్లిలో ఆటో ఎక్కితే ఇరవై నిమిషాల్లో వచ్చే ఊరది. ఏ వీధిలో నిలబడ్డా మగ్గాల చప్పుడే వినిపిస్తుంది. ఆవిడ చదివింది ఏడో తరగతి, అదీ ఈ బడిలోనే, బడి తాటాకు పాకగా ఉన్న రోజుల్లో. ఇప్పుడది రెండంతస్తుల మేడ. ఆ మేడ వెనకున్న రేకుల షెడ్డులో పన్నెండేళ్ళుగా మూడు వందల మంది పిల్లలకి అన్నం వండుతోంది. వచ్చే ఏడాదికి అరవై నిండుతాయి.

ఆవిడ ఘనతల్లో మొదటిది, ఇరవయ్యో ఎక్కం దాకా తడుముకోకుండా అప్పజెప్పి ఇన్‌స్పెక్టరు గారి చేతుల మీదుగా పెన్ను పుచ్చుకోవడం. రెండోది తుఫాను నాటిది. బడిలో తలదాచుకున్న నాలుగు వందల మందికి తడి కట్టెలతో మూడు రోజులు వండిపెట్టింది. ఒక్కరికి కడుపునొప్పి రాలేదు. మూడోది, ఇన్నేళ్ళలో ఒక్కనాడు కూడా అన్నం అడుగంటకపోవడం. ఈ మూడోదాని దగ్గరికి వచ్చేసరికి మగ్గం గుంటలోంచి ఆవిడ భర్త అంకమ్మరావు గొంతు వినిపిస్తుంది.

"ఇంట్లో మాడింది లెక్కలోకి రాదనుకుంటా!"

"మీరు మధ్యలో మాట్లాడబట్టే మాడుతుందండీ ఇంట్లో" అని, ఆవిడ నాలుగోదానికి వెళ్ళిపోతుంది. నాలుగోదానికి కాగితం ఉంది. గోడకి, దేవుడి పటం పక్కన, అద్దాల చట్రంలో ఉండేది.

అది ఐరన్ మాత్రల కాగితం. ప్రతి గురువారం అన్నాలయ్యాక ఆరు నుంచి పది దాకా చదివే పిల్లలందరి చేతా తలా ఒక మాత్ర మింగించాలి. నీలంగా, శనగగింజంత ఉంటుంది. మొదట్లో ఆడపిల్లలు మా గొప్ప నాటకం ఆడేవారు. మాత్ర నోట్లో వేసుకుని, గ్లాసెడు నీళ్ళు గుటకలేసి, చెంపలో దాచుకున్నదాన్ని కుళాయి దగ్గర ఉమ్మేసేవారు. కుళాయి కింది సిమెంటు తొట్టికి నీలం మరక పట్టేసింది. కడుపులో తిప్పుతుందని ఒకతె, దొడ్డికెళితే నల్లగా వస్తుందని ఇంకొకతె, రేపు పెళ్ళయితే పిల్లలు పుట్టరట అని మరొకతె. మేష్టర్లు గదమాయించినా లాభం లేకపోయింది.

అప్పుడు సుందరమ్మకి టీ గుర్తొచ్చింది.

ఆ ఊళ్ళో అన్నం తిన్న మరుక్షణం టీ పడాలి. గుంట మగ్గంలో కాళ్ళు దించి కూర్చున్న మనిషి మాటిమాటికీ లేవలేడు కాబట్టి, కంచం కడిగేలోపు టీ తాగేసి మళ్ళీ గుంటలోకి దిగుతాడు. పెద్దవాళ్ళ అలవాటే పిల్లలకీ వచ్చింది. బడిలో అన్నం తిన్నాక వాళ్ళ నాలుక టీ కోసం పీకుతూ ఉండేది. సుందరమ్మ పెద్ద గిన్నె పొయ్యి మీద పెట్టి, అల్లం చితక్కొట్టి, బెల్లం వేసి, చిక్కటి టీ కాచి ఒక ఆజ్ఞ జారీ చేసింది. "మాత్ర మింగి, నోరు తెరిచి, నాలుక ఎత్తి నాకు చూపించినవాళ్ళకే గ్లాసు!"

అంతే. నాలుగు వారాల్లో తొట్టి మరక పోయింది. మండలం నుంచి వచ్చిన అధికారులు మిగిలిన మాత్రలు లెక్కపెడదామని చూస్తే ఒక్కటీ మిగల్లేదు. నూటికి నూరు శాతం మింగించిన బడి మండలంలో ఇదొక్కటేనని రాసి, హెడ్మాస్టరు గారి సమక్షంలో సుందరమ్మకి శాలువా కప్పి ఆ కాగితం ఇచ్చారు.

సింధూరి సంగతి ఆ కాగితం వచ్చిన జూలైలోనే మొదలైంది.

సింధూరి తొమ్మిదో తరగతి. సుందరమ్మ ఇంటికి రెండిళ్ళ అవతల ఉంటుంది. తండ్రి ఇబ్రహీంపట్నం థర్మల్లో కాంట్రాక్టు పని చేస్తూ పదిహేను రోజులకొకసారి వస్తాడు. తల్లి రామతులసి మగ్గం నేస్తుంది. పిల్ల తెల్లవారక ముందే లేచి బడివేళ దాకా తల్లికి రాట్నం మీద నూలు కండెలు చుట్టి, టీలో రెండు బిస్కెట్లు ముంచుకు తిని బడికొచ్చేది. ఒకనాడు తల్లి చీరల మూట కండక్టరుకి ఇవ్వడం మరిచిపోతే, కదిలిపోయిన చల్లపల్లి బస్సు వెనకాల మూట చంకలో పెట్టుకుని పరుగెత్తి, కాలవ వంతెన దగ్గర అందుకుంది. ఆ బస్సులోనే కొత్తగా వచ్చిన డ్రిల్లు మాష్టారు భానుచందర్ ఉన్నాడు. మూట అందుకున్న కండక్టరు కంటే ఆయనే ఎక్కువ ఆశ్చర్యపోయాడు.

మర్నాటి నుంచి ఆమెని గ్రౌండులో పరుగెత్తించడం మొదలుపెట్టాడు. బడి గ్రౌండు చిన్నది. చుట్టూ ఒక రౌండు రెండు వందల మీటర్లు. నాలుగు రౌండ్లు తిరిగితే ఎనిమిది వందలు. రెండు రౌండ్లు సింధూరి గాలిలా పోయేది. మూడో రౌండులో పెదాలు తెల్లబడేవి. ఒక రోజు నాలుగో రౌండు సగంలో, వంటషెడ్డు ఎదురుగా, కళ్ళు తిరిగి పడిపోయింది. చేతిలో గరిటె అలాగే పట్టుకుని మొదట పరుగెత్తుకెళ్ళింది సుందరమ్మే.

నర్సమ్మ జ్యోతిర్మయి వచ్చి వేలు గుచ్చి చూసింది. రక్తం ఎనిమిది పాయింటు ఆరు. పన్నెండు ఉండాల్సిన పిల్లకి.

భానుచందర్ ఆ సాయంత్రం రామతులసిని పిలిపించి ఉన్నమాట చెప్పాడు. "డిసెంబర్లో విజయవాడలో సెలక్షన్లున్నాయమ్మా. స్పోర్ట్స్ హాస్టల్‌కి. తొమ్మిదో తరగతి పిల్లల్నే తీసుకుంటారు. ఎంపికైతే ఇంటర్ అయ్యేదాకా చదువు, తిండి అన్నీ వాళ్ళే చూసుకుంటారు. కానీ రక్తం పదకొండు రాకపోతే నేను తీసుకెళ్ళను. అక్కడ పడిపోతే దానికి ఎవరు జవాబు చెప్పాలి?"

"రాకపోతే ఏముందండీ" అంది రామతులసి. "పది అయ్యాక మగ్గం మీద కూర్చుంటుంది. మా అమ్మ కూర్చుంది, నేను కూర్చున్నాను."

సింధూరి అరికాళ్ళకి అంటిన గ్రౌండు మట్టిని వేలితో గీకుతూ కూర్చుంది. అది చూసి సుందరమ్మ కల్పించుకుంది. "మూడు వందల మంది చేత మింగించినదాన్ని, ఈ ఒక్కదాని చేత మింగించలేనా? రోజుకో మాత్ర ఇచ్చి పంపమను నర్సమ్మని. నా చేత్తో వేస్తాను. డిసెంబర్‌కి పదకొండు కాదు, పన్నెండు తెప్పిస్తాను చూడండి సార్!"

అందరి ముందూ అన్న మాట అది.

ఆ రోజు నుంచి రోజూ మాత్ర వేసింది, సెలవుల్లో ఇంటికి పిలిచి మరీ. షెడ్డు గోడ మీద బొగ్గుతో రోజుకో గీత గీసింది. పిల్ల నీరసంగా ఉందని జాలిపడి, దానికి మాత్రం టీ మరింత చిక్కగా, పెద్ద గ్లాసుతో ఇచ్చేది. "తాగవే, ఒంట్లోకి సత్తువ వస్తుంది" అనేది. గీతలు యాభై దాటాయి. సెప్టెంబరు మధ్యలో నర్సమ్మ మళ్ళీ వేలు గుచ్చింది.

ఎనిమిది పాయింటు ఎనిమిది.

సింధూరి ఒక్కతే కాదు. ఆ రోజు చూసిన ముప్పై మంది ఆడపిల్లల్లో ఎవరి రక్తమూ పెద్దగా పెరగలేదు. మండలంలో ఒక్క మాత్ర కూడా మిగలని బడి ఇది.

"నిజంగా మింగుతోందా అండీ?" అని జ్యోతిర్మయి మెల్లగా అడిగింది.

సుందరమ్మకి తల తీసేసినట్టయింది. ఆ మాట మాష్టారు విన్నాడు, పక్కనున్న పిల్లలు విన్నారు. ఎక్కడో తప్పు ఉంది. తనలో ఉండడానికి వీల్లేదు కాబట్టి పిల్లలోనే ఉండి తీరాలి. మర్నాడు మాత్ర వేశాక సింధూరిని గోడకి నిలబెట్టి, నోరు తెరిపించి, చెంపలు రెండూ వేలితో తడిమింది. సంచీ విప్పించింది. పుస్తకాలు దులిపింది. ఒక్క మాత్రా దొరకలేదు.

"ఎక్కడ దాస్తున్నావే?"

"నీ ముందే కదా అమ్మమ్మా మింగుతుంటా!"

"మింగితే రక్తం ఎక్కడికి పోయింది? నన్ను ఊరంతా నవ్వేలా చేస్తున్నావు గదే."

సింధూరి ఏడవలేదు. సంచీలోకి పుస్తకాలు ఒక్కొక్కటే సర్దుకుంది. టీ గ్లాసు ముట్టుకోకుండా వెళ్ళిపోయింది. సాయంత్రం గ్రౌండుకీ రాలేదు. మూడు రోజులు రాలేదు. ఇంటి ముందు నుంచి వెళుతుంటే రాట్నం తిరుగుతున్న చప్పుడు వినిపించింది సుందరమ్మకి. లోపలికి వెళ్ళడానికి ముఖం చెల్లలేదు.

తర్వాతి గురువారం జ్యోతిర్మయి అన్నం వేళకే వచ్చింది. "ఏం తింటున్నారో, ఎలా మింగుతున్నారో ఒకసారి నా కళ్ళతో చూస్తానండీ" అని వరండాలో బల్ల మీద కూర్చుంది. సుందరమ్మ రొమ్ము విరుచుకుని తన పద్ధతి మొత్తం చూపించింది. పప్పు, గుడ్డు, అన్నం. ఆనక వరసలో నిలబడ్డ పిల్లలు, మాత్ర, నీళ్ళు, తెరిచిన నోళ్ళు, ఎత్తిన నాలుకలు. ఆ వెంటనే పొగలు కక్కే గ్లాసులు. నర్సమ్మకీ ఒక గ్లాసు ఇచ్చింది, పైన యాలక్కాయ పొడి చల్లి.

జ్యోతిర్మయి గ్లాసు పట్టుకుంది గాని తాగలేదు.

"రోజూ ఇస్తారా అండీ ఇది?"

"గురువారం అందరికీ. సింధూరికి రోజూ. ఆదివారం కూడా మానలేదు."

"మాత్ర వేసిన వెంటనే?"

"వెంటనే! ఆ టీ కోసమే మింగుతారు మరి."

జ్యోతిర్మయి గ్లాసు పక్కన పెట్టింది. సుందరమ్మ కంటే ముప్పై ఏళ్ళు చిన్నది. ఎలా చెప్పాలో తెలియక కాసేపు చీర కొంగు సవరించుకుంది. "ఏమనుకోకండి సుందరమ్మగారూ. టీలో వగరు ఉంటుంది చూడండి, అది ఐరన్‌ని పట్టేసుకుంటుంది. ఒంటికి పట్టనివ్వదు. మాత్రలో ఉన్నదీ, మీరు పెట్టిన గుడ్డులో, పప్పులో ఉన్నదీ సగానికి సగం దీంట్లోనే పోతోంది."

వేరే ఊరావిడైతే ఈ మాట నమ్మడానికి నాలుగు రోజులు పట్టేదేమో. సుందరమ్మ తండ్రి నూలుకి రంగులద్దేవాడు. నల్లరంగు కావాలంటే కరక్కాయ నీళ్ళలో నూలు నానబెట్టి, తుప్పు మేకులు ఊరిన నీళ్ళలో ముంచేవాడు. కరక్కాయ వగరు ఇనుముని పట్టేసుకునేది. ఒకసారి పట్టుకుంటే ఎన్ని ఉతుకులు ఉతికినా ఆ నలుపు వదిలేది కాదు. పదేళ్ళ పిల్లగా ఆ కాగు పక్కన కూర్చుని కర్రతో తిప్పింది తనే.

ఆవిడ షెడ్డులోకి వెళ్ళింది. పాలు కలపని డికాషన్ ఒక గాజు గ్లాసులో పోసింది. ఒక మాత్ర తీసి, నీలిపూత గీకేసి, పొడి చేసి అందులో వేసి చెంచాతో కలిపింది. ఎర్రగా ఉన్న డికాషన్ చూస్తూ ఉండగానే మసకబారింది. కాసేపటికి సిరాలా నల్లబడింది. అచ్చం నాన్న కాగులో రంగులాగే.

ఆ గ్లాసు పట్టుకుని సుందరమ్మ పొయ్యి గట్టు మీద చతికిలబడింది. గోడ మీద బొగ్గు గీతలు యాభై పైచిలుకు. ఒక్కొక్క గీతా ఒక్కొక్క గ్లాసు. పోసింది తన చెయ్యే.

"నేనెవరికీ చెప్పనండీ" అంది జ్యోతిర్మయి వెనకనుంచి. "టీ ఆపేస్తే చాలు. మీ సర్టిఫికెట్‌కి వచ్చిన భయమేం లేదు."

ఆ మాటకి సుందరమ్మకి ప్రాణం లేచొచ్చింది. నిజమే, గుట్టుగా ఆపేస్తే ఎవరికి తెలుస్తుంది? కానీ వెంటనే ఇంకో లెక్క తట్టింది. బడిలో టీ ఆపితే గురువారం పూట సరిపోతుంది. రాత్రి అన్నం మీద? ఆదివారం? ఇళ్ళల్లో కంచం కడిగేలోపు గ్లాసు అందించే అమ్మలకి ఎవరు చెబుతారు? ఎందుకు మానాలో చెప్పకుండా మానమంటే ఈ ఊళ్ళో ఎవరైనా టీ మానతారా? ఎందుకో చెప్పాలంటే తన సంగతి చెప్పాల్సిందే. సింధూరికి మిగిలింది పదకొండు వారాలు.

ఆ శనివారం తల్లిదండ్రుల సమావేశం జరిగింది. సుందరమ్మ రెండు గాజు గ్లాసులు పట్టుకుని ముందుకొచ్చింది. ఒక దాంట్లో డికాషన్, ఒక దాంట్లో నిమ్మకాయ నీళ్ళు. రెంటిలోనూ మాత్ర పొడి వేసి కలిపి బల్ల మీద పెట్టింది. డికాషన్ నల్లబడింది. నిమ్మనీళ్ళు నల్లబడలేదు. రంగులు ఎరిగిన జనం కావడంతో ముందు వరసలోని ముసలాళ్ళు లేచి వచ్చి గ్లాసు ఎత్తి వెలుతుర్లో పెట్టి చూశారు.

"ఇది మన పిల్లల కడుపులో జరుగుతోంది" అంది సుందరమ్మ. "చేసింది నేను. మాత్ర మింగిస్తున్నానని శాలువా కప్పించుకుని, వెంటనే టీ పోసి దాన్ని పాడుచేశాను. మీరూ ఇళ్ళల్లో అదే చేస్తున్నారు. మీకు తెలీదు, నాకూ తెలీదు. ఇప్పుడు తెలిసింది."

సభ గుసగుసలాడింది. వెనక నుంచి ఒకాయన "అయితే ఆ కాగితం తిరిగిచ్చేస్తావా సుందరమ్మా?" అన్నాడు. కొందరు నవ్వారు.

రామతులసి నవ్వలేదు. లేచి నిలబడింది. "అత్తా, కాగితం సంగతి తర్వాత. నా పిల్ల మాత్రలు దాచుకుంటోందని సంచీ దులిపించావే, దాని సంగతేంటి? నాలుగు రోజులుగా అన్నం సరిగ్గా తినలేదది."

సుందరమ్మ చుట్టూ చూసింది. సింధూరి గుమ్మం దగ్గర గోడకి ఆనుకుని ఉంది. అరవైకి దగ్గర పడిన మనిషి, తొమ్మిదో తరగతి పిల్ల దగ్గరికి అందరూ చూస్తుండగా నడిచి వెళ్ళింది.

"నువ్వు మింగావే. ప్రతీదీ మింగావు. దొంగ నా టీ గ్లాసేనమ్మా, నువ్వు కాదు. రేపట్నుంచి గ్రౌండుకి వస్తావా?"

సింధూరి తల్లి వైపు చూసింది. రామతులసి అటు తిరిగి, "నా వంక చూస్తావేం? ఉదయం కండెలు నేనే చుట్టుకుంటాలే. అన్నం తిని పో" అంది.

ఆ తర్వాత ఆ వీధి పడ్డ అవస్థ వీధికే తెలుసు. అన్నం తిన్నాక రెండు గంటలు గడిచేదాకా టీ లేదని సుందరమ్మ శాసనం. మొదటి బాధితుడు అంకమ్మరావు. "రక్తం తక్కువైంది పిల్లలకి కదే, నాకెందుకు?" అని మొత్తుకుంటే, "మీరు తాగుతుంటే వాసనకి ఎదురింటి పిల్లలు ఆగుతారా?" అంది. బడిలో గ్లాసుల స్థానంలో నిమ్మకాయ నీళ్ళు వచ్చాయి. ఉసిరికాయలు దొరికే రోజుల్లో ఉప్పద్దిన ఉసిరి ముక్క పెట్టింది. మాత్ర మింగినవాళ్ళకే ముక్క అన్న ఆజ్ఞ మాత్రం మారలేదు. ఆదివారాలు మధ్యాహ్నం వీధిలో ఈ కొస నుంచి ఆ కొసకి నడుస్తూ, మగ్గాల పక్కన గ్లాసు కనిపిస్తే "ఎన్నింటికి తిన్నారు?" అని గుమ్మంలోంచి కేకేసేది. ఆవిడ వస్తోందని తెలిస్తే గ్లాసులు గుంటల్లోకి దిగిపోయేవి. పెద్దవాళ్ళు ఎంతమంది మానారో చెప్పలేం గాని, పిల్లలకి పొయ్యడం మాత్రం మానేశారు. రామతులసి తనూ వేలు గుచ్చించుకుంది. తొమ్మిదే ఉంది. తల్లీ కూతుళ్ళు ఒకే డబ్బాలోంచి మాత్రలు వేసుకోవడం మొదలుపెట్టారు.

అక్టోబరు మధ్యలో సింధూరి రక్తం తొమ్మిది పాయింటు ఏడు. మూడో రౌండులో పెదాలు తెల్లబడడం తగ్గింది. నవంబరు ఇరవైకి పది పాయింటు ఎనిమిది. భానుచందర్ స్టాప్‌వాచీ చూసుకుని, నమ్మకం చాలక, ఆమెని ఇంకోసారి పరుగెత్తించి ఇంకోసారి చూసుకున్నాడు. జూలైలో మూడున్నర నిమిషాలకి కూడా నాలుగో రౌండు పూర్తి చెయ్యలేని పిల్ల ఇప్పుడు రెండు నిమిషాల యాభై సెకన్లలో ముగిస్తోంది. అయినా ఆయన పట్టు వదల్లేదు. "పదకొండు అన్నాను. పదకొండే."

సెలక్షన్లకి రెండు రోజుల ముందు జ్యోతిర్మయి వచ్చింది. వంటషెడ్డు ముందే కుర్చీ వేశారు. సుందరమ్మ అన్నం వార్చడం ఆపి నిలబడింది. వేలు గుచ్చి, రక్తం చుక్క పెట్టి, మిషను వైపు అందరూ చూశారు. జ్యోతిర్మయి అంకె చదవకుండా మిషను సుందరమ్మ వైపు తిప్పింది.

పదకొండు పాయింటు రెండు.

"పన్నెండు తెప్పిస్తానన్నారు" అన్నాడు భానుచందర్, నవ్వు ఆపుకుంటూ.

"మొదటి రెండు నెలలూ నా టీ తాగేసింది సార్, లేకపోతే తెప్పించేదాన్నే" అంది సుందరమ్మ. ఆ రోజే అన్నం అడుగంటింది. పన్నెండేళ్ళలో మొదటిసారి. పిల్లలు మాడు వాసనకి ముక్కులు మూసుకుంటూనే తిన్నారు. ఆవిడ పట్టించుకోలేదు.

విజయవాడకి తెల్లవారుజామున మొదటి బస్సుకే బయల్దేరారు. భానుచందర్, సింధూరి, రామతులసి, ఎవరూ పిలవకపోయినా సుందరమ్మ. ఆవిడ సంచీలో ఉడికించిన గుడ్లు, పులిహోర, అరడజను నిమ్మకాయలు. అంత పెద్ద గ్రౌండు ఆవిడ ఎప్పుడూ చూడలేదు. నున్నటి ఎర్ర దారి, తెల్ల గీతలు, జిల్లా నలుమూలల నుంచి వచ్చిన పిల్లలు. చాలామంది కాళ్ళకి మేకుల బూట్లు. సింధూరి బూట్లు భానుచందర్ చెల్లెలివి, ముందు దూది కుక్కినవి.

ఎనిమిది వందల మీటర్లకి ఇరవై ఇద్దరు నిలబడ్డారు. మొదట వచ్చిన ఆరుగురికే హాస్టల్లో చోటు. విజిల్ మోగింది. సింధూరి మొదట్లో పన్నెండో పదమూడో స్థానంలో పడింది. సుందరమ్మ వేళ్ళు మడుస్తూ రౌండ్లు లెక్కపెడుతోంది. పిల్లలు ఒక చుట్టు తిరిగి వచ్చేసరికి గంట కొట్టారు.

"అదేంటి సార్, ఆఖరి రౌండు గంట కొట్టారేంటి? నాలుగు కదా తిరగాలి!"

"ఇక్కడ చుట్టు పెద్దదండీ. మన రెండు రౌండ్లూ ఒక చుట్టే. ఇప్పుడు మన మూడో రౌండు."

మూడో రౌండు అన్న మాట వినగానే సుందరమ్మ బల్ల మీంచి లేచిపోయింది. అవతలి వంపులో పిల్లలు చిన్నగా కనిపిస్తున్నారు. పెదాలు తెల్లబడ్డాయో లేదో అంత దూరం నుంచి ఆవిడకి ఆనదు. రామతులసి ఆవిడ చెయ్యి పట్టుకుంది. వంపు తిరిగేసరికి సింధూరి తొమ్మిదోది. వంపు దాటాక ఏడోది. ఇక మిగిలింది వంటషెడ్డు ఎదుట ఆమె కూలిపోయిన ఆ నాలుగో రౌండే.

"పద తల్లీ!" అని సుందరమ్మ వేసిన కేకకి ముందు వరసలో కూర్చున్నవాళ్ళు వెనక్కి తిరిగారు. "షెడ్డు దాటెయ్యవే! షెడ్డు దాటెయ్యి!"

అక్కడ షెడ్డు ఎక్కడుందో ఎవరికీ అర్థం కాలేదు. సింధూరికి అర్థమైంది. ఇద్దరిని దాటింది. గీత దగ్గర ఇంకొకతెని భుజం తేడాతో దాటి, నాలుగోదిగా వచ్చింది. రెండు నిమిషాల నలభై నాలుగు సెకన్లు.

సుందరమ్మ మెట్లు దిగి, కంచె పక్కన నిలబడి, పిల్ల ముఖం చూసింది. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని రొప్పుతోంది, చెమటలు కారుతున్నాయి. పెదాలు ఎర్రగా ఉన్నాయి. ఆవిడ కళ్ళు తుడుచుకుంది కానీ, తర్వాత ఎవరడిగినా దుమ్ము పడిందనే చెప్పింది. మైకులో పేర్లు చదువుతున్నప్పుడు "మగ్గాలపాలెం" అన్న మాట రామతులసి తన నోటితో మళ్ళీ అంది, తప్పు విన్నానేమోనన్నట్టు.

తిరుగు బస్సు కోసం బస్టాండులో కూర్చున్నప్పుడు సింధూరి నెమ్మదిగా జరిగి సుందరమ్మ పక్కకి వచ్చింది.

"అమ్మమ్మా, ఒక టీ తాగనా?"

"పులిహోర ఎన్నింటికి తిన్నావు?"

"పన్నెండున్నరకి."

సుందరమ్మ బస్టాండు గడియారం చూసింది. మూడు కావస్తోంది. వేళ్ళ మీద ఒకసారి లెక్కేసుకుని లేచింది. "ఉండు, నేను తెస్తా" అని స్టాలు దగ్గరికి వెళ్ళింది. అల్లం వెయ్యమంది, వేసింది చాలదంది, ఇంకాస్త చితక్కొట్టించింది. టీ కాచే ఆయన విసుక్కుని, "ఏంటమ్మా, పెళ్ళివారి టీలా చేయిస్తున్నావు? ఎవరికి ఇది?" అన్నాడు.

ఆ మాట చాలు ఆవిడకి. గ్లాసు చేత్తో పట్టుకునే మొదలుపెట్టింది. ఎక్కాలు చెప్పింది, పెన్ను చెప్పింది, తుఫాను చెప్పింది. అడుగంటని అన్నం సంగతి మాత్రం దాటేసింది. "నాలుగోదానికి కాగితం ఉంది గాని, దాన్ని మొన్న నేనే గోడ మీంచి దింపేశాను. అది ఎందుకు దింపానో ముందు చెప్పాలి, అప్పుడు గాని అయిదోది నీకు అర్థం కాదు. అదిగో, అక్కడ నీలం గౌను వేసుకుని కూర్చుందే, బక్కపిల్ల, అదీ అయిదోది. ఆ పిల్లకి నేను రెండు నెలలు టీ పోసి చెడగొట్టాను..."

"అమ్మమ్మా, టీ చల్లారిపోతోంది!" అని బెంచీ మీంచి సింధూరి అరిచింది.